కావిడికి సరిపోయే బేస్ పెట్టెలు: స్పీకర్లు ఎలగ ఎంచుకున్నాం

 

థింసాకి బేస్ గిటార్ ఏటి, దానికి పెట్టె ఏటి, అంత లెక్క దేనికి అని మన కుర్రాళ్ళు చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను. పొడవెక్కువ. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. స్పీకర్ల గురించి తెలుగులో ఎవరైనా చెప్తే "ఇన్ని వాట్లు, ఇంత రేటు" దగ్గరే ఆగిపోతున్నారు, అందుకే లెక్కలు కూడా పెట్టాను.

నేను శృంగవరపుకోటలో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు కొండ మీద, అనంతగిరి వైపు. ఊరి థింసా జట్టులో పన్నెండు మంది ఆడవాళ్ళు, వాయించేవాళ్ళు నలుగురు: తుడుము, డప్పు, కిరిడి, మోరి. ఒకప్పుడు తుడుములే నాలుగు ఉండేవంట. ఇప్పుడు పెళ్ళి అంటే కింద నుంచి డీజే బళ్ళు వచ్చీస్తున్నాయి. డబ్బులు డీజేకి పోతాయి, వాయించే తాతలకి ఒక పూట భోజనం, అంతే. మోరి ఊదే తాత ఇప్పటికి ఇద్దరు మనవలకి నేర్పుదామని చూశాడు. ఇద్దరూ ఫోనులో పాటలు పెట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. డీజే కొట్టినప్పుడు గుండెల మీద తగిలే ఆ దెబ్బ వాళ్ళకి కావాలి. ఆ దెబ్బ మన వాయిద్యాల పక్కన ఉంటే, వాటిని తొక్కేయకుండా ఉంటే ఎలగుంటాది? ఈ ప్రశ్నతోనే ఈ పని మొదలైంది.

గిటార్ దొరికింది. విశాఖలో ఉద్యోగం వచ్చి బదిలీ మీద వెళ్ళిపోతూ మా సీనియర్ అన్న ఒకాయన తక్కువకి ఇచ్చాడు. నాలుగు తీగల మామూలు బేస్. మిగిలింది పెట్టె. దానికి జట్టు పద్దెనిమిది వేలు పోగేసింది. జీడిపిక్కలు ఏరిన కూలి అందులో ఉంది, ప్రోగ్రాములకి ఇచ్చిన డబ్బులు ఉన్నాయి. ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. డబ్బులు చేతిలో పెట్టేటప్పుడు మా అప్ప ఒక్కటే మాట అంది: "మా పాట మునిగిపోయిందంటే మాత్రం మా డబ్బులు మాకు ఇచ్చీయాల." ఇంటర్నెట్‌లో ఎవరు ఏ స్పీకర్ గొప్పదన్నా నాకు ఈ మాటే కొలబద్ద.

ఇంక విషయంలోకి వస్తాను.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, ఈ తీగ, ఖాళీగా మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతాది. అంటే 41 హెర్ట్జ్. తర్వాత ఏ 55, డి 73, జి 98. ఇక్కడ ఒక మెలిక ఉంది. శబ్దం ఎంత కింద శ్రుతిలో ఉంటే స్పీకర్ అట్ట అంత ఎక్కువ ముందుకీ వెనక్కీ కదలాలి. శ్రుతి సగానికి దిగితే, అంతే గట్టిగా వినిపించాలంటే కదలిక నాలుగింతలు కావాలి. 82 దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే అట్ట 41 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలన్నమాట. అందుకే ఇంట్లో టేప్‌రికార్డర్ స్పీకర్‌కి బేస్ తగిలిస్తే పట్‌పట్‌మని కొట్టుకుని చస్తాది.

అట్ట ఎంత దూరం శుభ్రంగా కదలగలదో చెప్పే అంకె ఒకటి ఉంది, ఎక్స్‌మ్యాక్స్. అట్ట వైశాల్యాన్ని దీంతో గుణిస్తే అది ఎంత గాలిని తోస్తాదో తెలుస్తాది. బేస్‌కి అసలు పెట్టుబడి ఈ గాలి. దుకాణంలో మాత్రం ఈ అంకె చెప్పరు, వాట్లే చెప్తారు. స్పీకర్ మీద 400 వాట్లు అని ఉంటే దాని అర్థం, లోపలి రాగి తీగ చుట్ట ఆ వేడికి కాలిపోదు అని మాత్రమే. కింది శ్రుతిలో అట్ట హద్దు దాటిపోడానికి చాలాసార్లు అందులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. విశాఖలో ఒక దుకాణంలో 12 అంగుళాల స్పీకర్ చూపించి "వెయ్యి వాట్లు తమ్ముడూ, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నారు. ఎక్స్‌మ్యాక్స్ ఎంత అని అడిగితే అలాంటిది ఇక్కడ దొరకదు అన్నారు. దాన్ని చేత్తో ఎత్తి చూశాం. అయస్కాంతం గుప్పిట్లో పట్టేంత ఉంది. దండం పెట్టి వచ్చీసాం.

ఏ రకాలు వద్దనుకున్నామో ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ అవే కొంటున్నారు.

కారు సబ్‌ఊఫర్ చవగ్గా దొరుకుతాది, అట్ట బాగా కదులుతాది, కానీ అట్ట బరువు. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్ దగ్గరే ఉంటాది చాలావాటికి. కారులో తలుపులు మూసి వినడానికి చేసింది అది. పైగా గిటార్ తీగ మీద వేలి శబ్దం, ఆ గరుకు, దాంట్లో వినబడదు. మబ్బు ఉరిమినట్టు ఉంటాది తప్ప స్వరం ఏదో తెలీదు. లీడ్ గిటార్ కోసం చేసే స్పీకర్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం. సన్నటి అట్ట, బోలెడు గట్టిగా పలుకుతాది, కానీ 75, 80 హెర్ట్జ్ కింద ప్రాణం లేదు, బేస్ వాయిస్తే ఎక్కువ కాలం బతకదు. డీజే బళ్ళలో వాడే 15, 18 అంగుళాలవి పనికొస్తాయి గానీ ఆ పెట్టె మోసేదెవరు?

ఇక్కడే మన సమస్య మిగతా ప్రపంచం సమస్య కన్నా వేరు. అమెరికాలో పోర్టబుల్ అంటే కారు డిక్కీలో పడితే చాలు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మరుసటి ఏడాది దానికోసం బేస్‌మన్ ఆంప్‌ని ఒక 15 అంగుళాల స్పీకర్‌తో తెచ్చాడు. 1969లో ఆంపెగ్ వాళ్ళు ఎస్‌వీటీ తెచ్చారు. దాని పెట్టెల్లో ఒక్కోదాంట్లో ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లు. వాడేవాళ్ళు దానికి ఫ్రిజ్ అనే పేరు పెట్టీసారు. మనకి పోర్టబుల్ అంటే ఎస్.కోటలో కిరండూల్ పాసింజర్ జనరల్ పెట్టెలో ఎక్కించాలి, దిగాక ఆటో దొరికితే ఆటో, తారు రోడ్డు అయిపోయిన దగ్గర నుంచి మనిషి భుజం. దారపర్తి పంచాయతీ కొండ ఊళ్ళవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మనుషుల్నే డోలీలో మోసిన దారులవి. అలాంటి దారిలో నలభై కేజీల పెట్టె మోయమని మామల్ని అడగడానికి నాకు నోరు రాదు.

బరువు తగ్గించాలంటే నియోడైమియం అయస్కాంతం ఉన్న స్పీకర్లు ఉన్నాయి. మామూలు 12 అంగుళాలది ఐదారు కేజీలుంటే అది రెండున్నర, మూడు. దీని వెనక ఒక కథ ఉంది. నియోడైమియం అరుదైన ఖనిజాల జాతి. మోనజైట్ ఇసకలో ఉంటాది. ఆ మోనజైట్ మన భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఇసకలోనే ఉంది. అయినా అయస్కాంతాల తయారీ ఎక్కువగా చైనా చేతిలో ఉంది, 2011లో ధరలు ఒక్కసారి ఆకాశానికి పోతే ప్రపంచంలో స్పీకర్ కంపెనీలన్నీ తల పట్టుకున్నాయి. మేం అడిగినప్పుడు విదేశీ 12 అంగుళాల నియో స్పీకర్ ఒక్కటే పదిహేడు వేలు చెప్పారు. మా దగ్గర ఉన్నది పద్దెనిమిది. చెక్కకి, మేకుకి, వైరుకి ఏటి పెట్టాలి?

ఫెర్రైట్ అయస్కాంతం అయితే అసలు ఐరన్ ఆక్సైడే, స్ట్రాన్షియమో బేరియమో కలిపి కాల్చింది. రోజూ మన ఎస్.కోట స్టేషన్ మీదుగా బైలడిల్లా ఇనుప రాయి గూడ్సు బళ్ళ మీద పోతూనే ఉంటాది. ఆ లైను వేసిందే దానికోసం. చవకైనదీ, బరువైనదీ ఆ ఇనుమే.

ఇంకో పక్క కరెంటు. పండగ రోజు కరెంటు ఉంటాదని నమ్మి కొండ మీద ప్రోగ్రాం పెట్టుకోలేం. జనరేటర్ శబ్దంలో మోరి ఏం వినబడతాది? అందుకే బ్యాటరీ అనుకున్నాం. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన మా బావ కూర్చుని లెక్క కట్టాడు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల చిన్న బ్యాటరీలు రెండు వరసగా కలిపితే 24 వోల్టులు. చిన్న క్లాస్ డి ఆంప్ బోర్డుకి అది ఇస్తే, 4 ఓముల స్పీకర్‌కి పైకి ఎంత వస్తాది? 24ని 24తో గుణించి, రెండు నాలుగుల ఎనిమిదితో భాగిస్తే 72 వాట్లు. బోర్డులో, వైర్లలో పోయింది పోగా 60 అనుకోండి. అదే 8 ఓముల స్పీకర్ అయితే సగమే వస్తాది. అంటే మన పరిస్థితిలో వాట్లు పెంచుకునే దారి లేదు, ఉన్న 60 వాట్లని ఎక్కువ శబ్దంగా మార్చే స్పీకర్ కావాలి.

హాఫ్‌మన్ అని ఒకాయన, కేఎల్‌హెచ్ అనే అమెరికా స్పీకర్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకడు, ఇనుప సూత్రం ఒకటి చెప్పాడు. చిన్న పెట్టె, కింది శ్రుతి, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం: ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ఎంత డబ్బు పెట్టినా ఇది మారదు. కాబట్టి ఏది వదులుకుంటామో ముందే తేల్చుకోవాలి. చిన్న పెట్టె వదులుకోలేం, కావిడి ఉంది. తక్కువ కరెంటుకి ఎక్కువ శబ్దం వదులుకోలేం, బ్యాటరీ ఉంది. మిగిలింది కింది శ్రుతి. అయితే దాన్ని మొత్తం వదలక్కర్లేదు. 41 హెర్ట్జ్ తీగ మీటితే 82, 123 కూడా దాంతోపాటే పలుకుతాయి, చాలాసార్లు అసలు దానికన్నా 82 గట్టిగా ఉంటాది. పైవి వినబడితే చాలు, కింద ఉన్నదాన్ని చెవి తనే పూరించుకుంటాది. ఫోనులో మగవాళ్ళ బొంగురు గొంతు మనం గుర్తు పట్టేది ఇలగే. 60, 65 హెర్ట్జ్ నుంచి పైకి గట్టిగా పలికే పెట్టె మనకి చాలు అని తేల్చుకున్నాం. అంతకన్నా కిందికి తుడుము ఎలాగూ ఉంది.

ఒక 12 అంగుళాలా, రెండు 10 అంగుళాలా అనే దాని మీద వారం రోజులు మాటలు నడిచాయి. ఒక 12 అట్ట వైశాల్యం సుమారు 530 చదరపు సెంటీమీటర్లు. ఒక 10ది 340. రెండు పదులు కలిపితే 680. గాలి తోసే లెక్కలో రెండు పదులే ఎక్కువ. రెండు 8 ఓములవి పక్కపక్కన కలిపితే 4 ఓములు అవుతాది, బ్యాటరీ ఆంప్‌కి అదే కావాలి. రెండూ పక్కపక్కన ఒకేసారి పలికితే ఇంకో 3 డెసిబెల్ కలిసొస్తాది. ఇన్ని లెక్కలు చెప్పినా మా వాళ్ళకి ఎక్కింది మాత్రం మామ చెప్పిన ముక్క: "కావిడికి ఒక వైపే బరువుంటే ఎలగ మోస్తార్రా? రెండు చెయ్యండి, సమానంగా." అంతే. ఒక్కో పెట్టెలో ఒక్కో 10 అంగుళాల స్పీకర్, కావిడికి చెరో వైపు. మధ్యలో ఒకటి పాడైతే రెండోదాంతో ఆ రాత్రి గడిచిపోతాది కూడా.

ఇక ఏ 10 అంగుళాలది? ఇక్కడ థీల్, స్మాల్ అనే ఇద్దరికి దండం పెట్టుకోవాలి. నెవిల్ థీల్ ఆస్ట్రేలియాలో 1961లో ఒక పరిశోధన వ్యాసం రాశాడు. రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దాన్ని పూర్తి చేశాడు. అప్పటిదాకా పెట్టె ఎంత ఉండాలో చాలామంది అందాజాగా కోసి చూసేవాళ్ళే. వీళ్ళు కొన్ని అంకెలు ఇచ్చారు. ఎఫ్‌ఎస్ అంటే అట్ట తనంతట తాను ఊగే శ్రుతి. క్యూటీఎస్ అంటే ఆ ఊగుడుని అయస్కాంతం ఎంత గట్టిగా పట్టి ఆపుతుందో, చిన్న అంకె అయితే గట్టి పట్టు. వీఏఎస్ అంటే అట్ట చుట్టూ ఉండే స్ప్రింగుకి సమానమైన గాలి ఎన్ని లీటర్లో. ఈ మూడూ తెలిస్తే పెట్టె లీటర్లు, రంధ్రం పొడవు కాగితం మీదే వచ్చేస్తాయి.

మాకు దొరికిన మన దేశంలో తయారైన ఫెర్రైట్ స్పీకర్ ఒక్కోటి మూడు వేల ఎనిమిది వందలు. దాని కాగితం మీద ఇవి ఉన్నాయి గానీ నమ్మాలా వద్దా? అందుకు కొలిచాం. ఒక ఆంప్, వంద ఓముల రెసిస్టర్, మల్టీమీటర్, ఫోనులో శ్రుతి పలికించే యాప్ ఉంటే చాలు. రెసిస్టర్ ద్వారా స్పీకర్‌కి తగిలించి శ్రుతి మెల్లగా మారుస్తూ, స్పీకర్ కొసల దగ్గర వోల్టేజి ఎక్కడ అన్నిటికన్నా పెరుగుతుందో చూడాలి. మాకు 52 హెర్ట్జ్ దగ్గర పెరిగింది. ఎఫ్‌ఎస్ అదే. తర్వాత అట్ట మీద తెలిసిన బరువు పెట్టి మళ్ళీ కొలవాలి. బరువుకి పది రూపాయల బిళ్ళలు వాడాం. ఒక్కోటి 7.71 గ్రాములు. దుకాణాల్లో ఎవరూ తీసుకోక ఇంట్లో పడి ఉన్న బిళ్ళలు ఇలగైనా పనికొచ్చాయి. నాలుగు బిళ్ళలు అట్ట మీద జిగురు టేపుతో సమానంగా అంటిస్తే 52 కాస్తా 38కి దిగింది. దాన్ని బట్టి అట్ట బరువు 35 గ్రాములు, వీఏఎస్ 44 లీటర్లు అని తేలింది. క్యూటీఎస్ 0.33. కాగితంలో అంకెలకి దగ్గరగానే ఉన్నాయి. సున్నితత్వం మాత్రం కాగితం మీద వాట్‌కి 97 డెసిబెల్ అని వేశారు, మన లెక్కకి బేస్ శ్రుతుల్లో 94 దాకానే వచ్చింది. ఇది మోసం కాదు, వాళ్ళు పై శ్రుతుల్లో కొలిచి వేస్తారు. మనం కొనేటప్పుడు తగ్గించి చూసుకోవాలి.

94కి రెండో స్పీకర్ వల్ల 3 కలిపితే 97. 60 వాట్లకి దాదాపు 18 కలుస్తాది. మీటరు దూరంలో 115. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతాది, పదహారు మీటర్ల దగ్గర 91. థింసా వలయానికి ఇది చాలు. ఇదే గట్టిదనం ఆ 85 డెసిబెల్ కారు స్పీకర్‌తో రావాలంటే 12 డెసిబెల్ లోటు పూడ్చాలి, అంటే పదహారింతల కరెంటు, సుమారు వెయ్యి వాట్ల ఆంప్. బ్యాటరీలు మోయడానికి ఇంకో కావిడి.

పెట్టె లోపలి కొలతలు 30, 35, 27 సెంటీమీటర్లు. స్పీకర్ వెనక భాగం, గొట్టం ఆక్రమించింది తీసేస్తే 26 లీటర్లు. గాలి రంధ్రానికి 75 మిల్లీమీటర్ల పీవీసీ నీళ్ళ గొట్టం ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ముక్క కోసి పెట్టాం, పెట్టె శ్రుతి 57 దగ్గర కుదిరింది. చెక్క 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వాటర్‌ప్రూఫ్‌ది. ఎండీఎఫ్ చవకే గానీ బరువు, పైగా అనంతగిరి వానలో ఒక్కసారి తడిస్తే అట్టుపిండిలా ఉబ్బిపోతాది. లోపల ఒక అడ్డ కర్ర వేస్తే పలక వణకదు. ఒక్కో పెట్టె పది కేజీలకి కొంచెం అటూ ఇటూ. పెట్టె శ్రుతి కన్నా కిందికి పోతే అట్టకి గాలి ఆసరా పోయి ఇష్టమొచ్చినట్టు ఊగుతాది. అందుకే 45 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టర్ ఆంప్ ముందు పెట్టాడు బావ. దీన్ని మాత్రం ఎవరూ మానకండి. తక్కువ ఎక్స్‌మ్యాక్స్ ఉన్న స్పీకర్‌ని బతికించేది అదే.

స్పీకర్లు, చెక్క, బ్యాటరీలు, బోర్డు, వడ్రంగికి ఇచ్చింది, అన్నీ కలిపి పదహారు వేలు దాటింది. మిగిలింది అప్పకి లెక్క రాసి ఇచ్చీసాం.

మొదట కళ్ళంలో వాయించి చూశాం. పెట్టెల్ని బల్ల మీద పెడితే బేస్ సగం మాయం. నేల మీద, ఇంటి గోడకి ఆనించి పెడితే వచ్చింది. ఆరుబయట గోడ, నేల ఉచితంగా దొరికే ఆంప్ లాంటివి. తాత డప్పు మంట దగ్గర కాచి తెచ్చాడు, ఇంకో తాత తుడుము పట్టాడు. నేను తుడుము దెబ్బ పడిన చోట మాత్రమే ఒక స్వరం వేశాను. మోరి దేనికీ లొంగదు, అది బాగానే వినబడింది. ఆడవాళ్ళ పాట మొదలయ్యాక తేడా తెలిసింది. కింది శబ్దం పై శబ్దాన్ని మింగేసే గుణం చెవిలోనే ఉంది, 100 నుంచి 150 మధ్య ఎక్కువైతే పాటలో మాటలు బురదలో పడినట్టు అవుతాయి. ఆ చోట ఆంప్‌లో కొంచెం తగ్గించి, నేనూ రెండు స్వరాలు మానేశాను. అప్ప వలయం అవతలి చివర, గొలుసు కొస నుంచి చెయ్యి ఊపి చెప్పింది, వినబడుతోందని. పాట అయ్యాక తుడుము తాత వచ్చి పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "ఇది తీగల తుడుమా?" అన్నాడు. "మరి దీన్ని కాచక్కర్లేదా?" అని కూడా అడిగాడు. మోరి తాత మనవడు ఒకడు రెండు రోజుల నుంచి గిటార్ చుట్టూ తిరుగుతున్నాడు. మోరి ఊదితేనే గిటార్ ముట్టనిస్తానని చెప్పాను, రోజుకి అరగంట లెక్కన బేరం కుదిరింది.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఇవి మోసుకుని దిగుతాం. ఈలోగా పెట్టె మూలలకి రేకు కొట్టాలి, వానకి గుడ్డ తొడుగు కుట్టించాలి. మీ ఊరి జట్టుకి చేసుకోవాలనుకునేవాళ్ళు ముందు మీరు కొనే స్పీకర్ ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ పంపండి, పెట్టె కొలత లెక్క కట్టి ఇస్తాను. మా కొలత యథాతథంగా కోసేయకండి, వేరే స్పీకర్‌కి అది సరిపోదు. నాలుగు పది రూపాయల బిళ్ళలు మాత్రం దాచుకోండి.